పదహారో ఫ్యూజు

నా పనికి ఎవరైనా వంక పెడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. పాతికేళ్ళపాటు డాబాలెక్కి టీవీ యాంటెన్నాలు కట్టినవాణ్ణి నేను. ఊళ్ళో సగం మేడల మీద నిలబడ్డ అల్యూమినియం కడ్డీలు నా చేతుల మీదుగా లేచినవే. గాలివానకు అటూ ఇటూ తిరిగితే తిరిగి ఉండవచ్చు గాని, ఒక్కటి కూడా ఊడి ఎవరి నెత్తిమీదా పడలేదు. ఈ గొప్పలన్నీ ఇప్పుడే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, కాసేపట్లో ఇవన్నీ అరచేతిలో పట్టే ఒక చిన్న డబ్బాలోంచి నీళ్ళయి కారిపోతాయి. అప్పుడు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇది కేబుల్ కనెక్షన్లు ఇంకా రాని రోజుల సంగతి. నాలుగంతస్తుల మేడ, అంతస్తుకు నాలుగిళ్ళు. పై అంతస్తులో మా అక్కా బావా ఉండేవారు. బావ ఆ మేడకు సెక్రటరీ. ఆ పదవి వచ్చినప్పటినుంచీ మనిషి మనిషి కాదు. ఏది మాట్లాడినా తీర్మానమే. కూరలో ఉప్పు తగ్గితే నోటీసు అంటిస్తాడేమోనని భయంగా ఉందిరా అని అక్క నాతో అనేది.

రెండో అంతస్తులో ఒకావిడ ఒంటరిగా ఉండేవారు. టెలిగ్రాఫ్ ఆఫీసులో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆవిడకు సొంతంగా ఒక రేడియో ఉంది. పాటలు వినే రేడియో కాదు, ఇక్కణ్ణుంచి కబురు పంపే రేడియో, లైసెన్సుతో సహా. దానికోసం డాబా మీద రెండు నిలువుల ఇనుప కర్ర ఒకటి పాతించుకుని, దాని కొసనుంచి తీగ లాగించుకున్నారు. రోజూ సాయంత్రం ఆరయ్యేసరికి ఆవిడ ఇంట్లోంచి టక్ టకటక్ మని చప్పుడు మొదలయ్యేది. ఎదురుగా అమ్మగారూ అనేవాళ్ళే, వెనకాల ఆవిడను టకటకమ్మ అనేవాళ్ళు.

గొడవ ఎలా మొదలైందంటే, మూడు వారాలుగా సాయంత్రం ఆరు కొట్టగానే ఆ మేడలో ఏ టీవీ చూసినా చాప అల్లికలాంటి గీతలు. దాంతోపాటు గుయ్యిమని రొద. వార్తలు చదివే ఆవిడ ముఖం సన్నసన్నగా తరిగిన ఉల్లిపాయలా కనపడేది. ఆరింటికి గీతలు, ఆరింటికే టకటక. ఇంకేం కావాలి? దొంగ దొరికిందన్నారు మేడంతా. బావ మీటింగు పెట్టాడు. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆ ఇనుప కర్ర దించెయ్యాలని తీర్మానించారు. అయితే ఆవిడ దగ్గర లైసెన్సు ఉంది కదా, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మెకానిక్ చేత ఒక కాగితం రాయించాలన్నారు. మెకానిక్ ఎవరు? సెక్రటరీగారి బావమరిది.

గురువారం సాయంత్రం వెళ్ళాను. ఆరింటికి బావ టీవీ నొక్కాడు. గీతలు వచ్చాయి. కిందనుంచి టకటక వినపడింది. "చూశావా?" అన్నాడు బావ, అదేదో తనే కనిపెట్టినట్టు. అయినా పద్ధతి ప్రకారం ఆవిడతో ఒక మాట మాట్లాడదామని కిందికి దిగాను. ఆవిడ తలుపు తీశారు. సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉన్నారు.

"పైన మీ బావగారి యాంటెన్నా దగ్గర జాయింట్లు ఒకసారి చూశారా బాబూ?" అన్నారు, నేనింకా నోరు తెరవకముందే.

"అవి నేను కట్టినవండీ."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను."

నాకు చెవులు వేడెక్కాయి. పాతికేళ్ళ అనుభవం పెట్టుకుని, జాయింట్లు సరిగ్గా వేశానో లేదో ఈవిడకు సంజాయిషీ చెప్పుకోవాలా? వెనక్కి తిరిగి, రెండేసి మెట్లు ఎక్కి, బావ ముందు కూచుని కాగితం రాసిచ్చాను. ఈ మేడలోని టీవీలకు కలుగుతున్న అంతరాయానికి రెండో అంతస్తులోని రేడియోయే కారణమని పరీక్షించి తెలుసుకున్నానని రాసి, కింద సంతకం గీకాను. పరీక్ష అంటే గుమ్మం ముందు అరనిమిషం నిలబడటమే.

శనివారం బావ నన్ను మళ్ళీ పిలిచాడు. రేపు కర్ర దించుతామని ఆవిడకు నోటీసు ఇచ్చి రావాలట. "నువ్వయితే మర్యాదగా ఇస్తావురా" అన్నాడు. తనకు ఆవిడ ముఖం చూడాలంటే మొహమాటం, ఆ ముక్క మాత్రం అనడు. నోటీసు జేబులో పెట్టుకుని, ఆరుకి ఐదు నిమిషాలుందనగా వెళ్ళాను.

ఆవిడ కోపగించుకోలేదు. కుర్చీ చూపించి, "ఆరవుతోంది, కాస్త కూచోండి, ఇది అయ్యాక మాట్లాడదాం" అన్నారు. గదిలో ఒక బల్ల, బల్ల మీద రెండు రేడియో పెట్టెలు, మధ్యలో వేళ్ళు తగిలి తగిలి మెరుస్తున్న ఇత్తడి మీట, పక్కన రూళ్ళ నోటుపుస్తకం. గడియారం చూసుకుని మీట మీద వేలు వేశారు. టకటక మూడు నిమిషాలు. తరవాత ఆపి, చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లను రెండు చేతులతో అదిమిపట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. విని విని తల అడ్డంగా ఊపారు. పెన్సిలు కాగితం మీద కదలలేదు.

హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చారు. పెట్టుకున్నాను. గుయ్యిమని అదే రొద. మా అక్కావాళ్ళ టీవీలో వినపడేదే.

"ఈ రొద వెనకాల మా తమ్ముడున్నాడు బాబూ" అన్నారావిడ. "ఓడల్లో వైర్‌లెస్ మనిషి. ఐదేళ్ళ కిందట గొంతుకు ఆపరేషన్ అయింది, మాట పోయింది. ఇప్పుడొక దీవిలో ఉంటున్నాడు, పదిహేను రోజులకోసారి లాంచీ వెళుతుంది. ఉత్తరం రాశాను, ఎప్పటికి చేరుతుందో. నోరు లేదు గాని వాడికి చెయ్యి ఉంది. మీట కొట్టే తీరు వింటే చాలు, ఒంట్లో బాగుందో లేదో, అన్నం తిన్నాడో లేదో చెప్పేస్తాను. ఇరవై రెండు రోజులైంది వాడి చెయ్యి వినపడి."

"ఆయనకు మీది వినపడుతోందా?"

"ఏమో. వినపడుతోందా అని రోజూ అడుగుతున్నాను. వాడేమన్నాడో నాకు తెలిస్తేగా."

నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ లేచి, కబురు పంపే పెట్టె ప్లగ్గు గోడలోంచి పీకి నా ముందు పెట్టారు. రెండో పెట్టె వినడానికే, బ్యాటరీ మీద నడిచేది. మళ్ళీ వినమన్నారు. రొద అలాగే ఉంది. అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు. పంపే పెట్టె చచ్చి పడి ఉంటే, ఈ రొద పంపుతున్నదెవరు? పైగా దానివల్ల తమ్ముణ్ణి వినలేక ఏడుస్తున్నదే ఈవిడ.

ఆవిడ నోటుపుస్తకం తిప్పి చూపించారు. ఏ రోజు ఎన్ని గంటలకు మొదలుపెట్టారో, ఎన్నింటికి ఆపారో నిమిషాలతో సహా రాసి ఉంది. ఏ రోజూ ఆరున్నర దాటలేదు. టీవీల్లో గీతలు తొమ్మిది దాకా ఉంటాయని బావే చెప్పాడు నాకు. మిగతా రెండున్నర గంటలు ఎవరివి? గురువారమే అడగవలసిన ప్రశ్న ఇది.

"మీరు నోటీసు ఇవ్వడానికి వచ్చారని తెలుసు" అన్నారావిడ. "రేపు కర్ర దించేస్తే వాడు నాకోసం వింటూ కూచుంటాడు. చెప్పెయ్యాలి కదా." ప్లగ్గు తిరిగి పెట్టి, మీట మీద వేలు వేసి చిన్న కబురొకటి కొట్టారు. ఏం చెప్పారని అడిగాను. "రేపటినుంచి ఉండను, సెలవన్నాను" అని కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. నోటీసు నా జేబులోనే ఉండిపోయింది. ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

ఆ ఆదివారం సినిమాను సాయంత్రానికి బదులు మధ్యాహ్నం మూడింటికే వేశారు టీవీలో. మేడంతా టీవీల ముందే. గీతలు కూడా పెందలాడే వచ్చేశాయి, ఆరుదాకా ఆగలేదు. నేను బ్యాటరీతో నడిచే చిన్న టీవీ ఒకటి చంకన పెట్టుకుని మెట్ల కింద మీటర్ల గదిలోకి దూరాను. గోడకు పదహారు ఫ్యూజులు, ఇంటికొకటి. లెక్క సులువు. ఒక్కొక్క ఫ్యూజు పీకడం, నా టీవీలో గీతలు పోయాయా లేదా చూడటం, పోకపోతే తిరిగి పెట్టెయ్యడం. ఏ ఇల్లు చీకటైతే గీతలు పోతాయో రొద ఆ ఇంట్లోంచి వస్తున్నట్టు.

సినిమా మధ్యలో కరెంటు తీస్తే జనం ఎలా తిడతారో ఆవేళ తెలిసింది. మొదటి అంతస్తాయన మా తాతముత్తాతల దాకా వెళ్ళాడు. మూడో అంతస్తులో పెళ్ళి సీను పోయిందని ఒకావిడ మెట్ల మీదికొచ్చి శాపనార్థాలు పెట్టింది. పళ్ళు బిగబట్టుకుని ఒకటి తరవాత ఒకటి పదిహేను పీకి పెట్టాను. గీతలు కదల్లేదు. అంతా అయిపోయిందనుకుని టీవీ చంకనెత్తుకున్నాను కూడా.

పదహారోది మా అక్కావాళ్ళది. దాన్ని పీకలేదు. పీకాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఆ ఇంటి యాంటెన్నా నేను కట్టింది, తీగ నేను లాగింది, బూస్టరు నేను పెట్టింది. నా పని నేనే పరీక్షించుకోవడమేమిటి? గుమ్మం దాటుతుంటే ఆవిడ మాట గుర్తొచ్చింది. తెలుసు, అందుకే అడుగుతున్నాను. వెనక్కొచ్చి పదహారో ఫ్యూజు పీకాను.

గీతలు పోయాయి. కడిగిన అద్దంలా బొమ్మ. పై అంతస్తుల్లోంచి హమ్మయ్య అన్న కేకలు కూడా వినపడ్డాయి. తిరిగి పెట్టాను, గీతలొచ్చాయి. పీకాను, పోయాయి. "ఎవడ్రా అది" అని నాలుగో అంతస్తునుంచి బావ గొంతు. ఫ్యూజు పెట్టేసి, టీవీ పట్టుకుని డాబా ఎక్కాను.

అక్కావాళ్ళ యాంటెన్నా గొట్టానికి నడుమెత్తున నేను బిగించిన బూస్టరు డబ్బా ఉంది. దూరం స్టేషన్లనుంచి పలచగా వచ్చే బొమ్మను పెద్దది చేసి టీవీకి పంపుతుంది. కింద టీవీ స్విచ్ వేస్తే, దాని వెనకున్న నల్లడబ్బాలోంచి దీనికీ కరెంటు వస్తుంది. మూత తీశాను. లోపల నీళ్ళు. జాయింటు పచ్చగా చిలుం పట్టి ఉంది. రొద అటూ ఇటూ పాకకుండా తీగ చుట్టూ ఉండవలసిన రాగి జాలీని పొట్టిగా కత్తిరించి, బిగించకుండా వదిలేసి ఉంది. ఎవరు వదిలేశారు? మూడేళ్ళ కిందట ఆవేళ మబ్బు పట్టింది, తొందరలో అలా కానిచ్చి, రెండ్రోజుల్లో వచ్చి సరిచేస్తానక్కా అన్నాను. ఆ రెండ్రోజులు ఇంకా కాలేదు. నీళ్ళు దిగి దిగి, ఆ డబ్బా బొమ్మను పెద్దది చెయ్యడం మానేసి తనే రొద పెట్టడం మొదలెట్టింది. డాబా మీదున్న యాంటెన్నాలన్నిటికీ, రెండు బారల దూరంలో ఉన్న అమ్మగారి తీగకూ అదే పంచుతోంది.

మీ దగ్గర దాచడమెందుకు. నాకు మొదట వచ్చిన ఆలోచన, గప్‌చుప్‌గా సరిచేసి దిగిపోదామని. నాలుగున్నరకు ఆవిడ తలుపు కొట్టాను.

"అమ్మగారూ, మీ రేడియోకి ఒక ఫిల్టరు పెట్టానని అందరికీ చెబుతాను. గీతలు పోతాయి. కర్ర ఉంటుంది. గొడవ తీరిపోతుంది."

"నిజంగా ఫిల్టరు పెడతారా?"

నేను మెట్లవైపు చూశాను.

"పైన ఏం చూశారు బాబూ?"

ఆవిడ నా చేతులకున్న చిలుం చూశారు.

"నలభై ఏళ్ళు ఈ ఊరికి టెలిగ్రాములు అందించాను. చావు కబురైనా, ఉద్యోగం వచ్చిన కబురైనా, ఒక్క అక్షరం అటూ ఇటూ కానివ్వలేదు. ఇప్పుడు నా మీద ఒక తప్పుడు కబురు పుట్టిస్తే దానికి నన్ను తలూపమంటారా? రేపు ఎవరింట్లో బల్బు మాడినా వచ్చి నా తలుపే కొడతారు." ఆవిడ గొంతు పెంచలేదు. "మీకు ఎలా తోస్తే అలా చెయ్యండి. నేను మాత్రం అవుననను."

ఐదింటికి డాబా మీద పదిమంది పోగయ్యారు. ఇనుప పనివాళ్ళిద్దరు పానాలు పట్టుకుని కర్ర పక్కన నిలబడ్డారు. అక్క వచ్చింది. అమ్మగారు కూడా వచ్చి మెట్ల గది గోడకు ఆనుకుని నిలబడ్డారు. బావ గొంతు సవరించుకుని నా కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. కారణమని పరీక్షించి, అనేదాకా వచ్చాడు.

"ఆగు బావా" అన్నాను. "పరీక్షించలేదు."

బావ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏంటి?"

"గురువారం నేనేమీ పరీక్షించలేదు. కోపమొచ్చి రాసేశాను. ఇవాళ పరీక్షించాను." చిన్న టీవీ పిట్టగోడ మీద పెట్టి ఆన్ చేశాను. గీతలు. "అక్కా, కిందికెళ్ళి మీ టీవీ వెనక నల్లడబ్బా స్విచ్ తియ్యి. మీ టీవీ మాత్రం ఆపకు."

అక్క వెళ్ళింది. అందరూ టీవీ చుట్టూ మూగారు. కాసేపటికి గీతలు పోయాయి. మళ్ళీ వెయ్యమని కేకేశాను, వచ్చాయి. మూడుసార్లు చేయించాను. మూడోసారికి మొదటి అంతస్తాయన, "చాల్లెండి, అర్థమైంది" అన్నాడు, మధ్యాహ్నం మా తాతముత్తాతలను తిట్టినాయన.

"అంటే మూడు వారాలుగా అందరి టీవీలూ పాడుచేస్తున్నది మన ఇల్లా?" అన్నాడు బావ. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీ ఇల్లు కాదు బావా. నేను పెట్టిన డబ్బా." మూత తీసి, వంచి, అందరి ముందూ నీళ్ళు పారబోశాను. "మూడేళ్ళ కిందట సగం పని చేసి వదిలేశాను. అసలు మీ ఇంటికి బూస్టరే అక్కర్లేదు, స్టేషను ఇక్కడికి దగ్గరే. మా అక్క ఇల్లు కదా, అందరికంటే గొప్పగా ఉండాలని పెట్టాను. అమ్మగారి రేడియోది ఏ తప్పూ లేదు. ఈవిడే అందరికంటే ఎక్కువ నష్టపోయారు."

ఈ మాటలు వింటూనే అక్క ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "వీడు తప్పు ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం" అంది, ఎవరితోనో కాదు, గాలితో అన్నట్టు.

బావ నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. అమ్మగారి దగ్గరికి నడిచాడు. సెక్రటరీ అయ్యాక తీర్మానం లేకుండా అతను మాట్లాడిన మొదటి మాట అదే అనుకుంటాను. "క్షమించండమ్మా. అడక్కుండానే మిమ్మల్ని దోషిని చేశాం." ఆవిడ పరవాలేదన్నట్టు తలూపారు.

"మరి మేం ఏం దించాలండీ?" అన్నారు పనివాళ్ళు.

"ఇది" అన్నాను డబ్బా చూపించి. వాళ్ళు దాన్ని విప్పి నా చేతిలో పెట్టారు. తీగ నేరుగా టీవీకి కలిపి, జాయింటు నేనే బిగించాను, ఈసారి జాలీతో సహా. ఆవిడ పక్కనే నిలబడి చూశారు. వంక పెట్టలేదు. పెట్టినా ఊరుకునేవాణ్ణి.

ఆరింటికి ముగ్గురం ఆవిడ గదిలో ఉన్నాం, నేను, అక్క, బావ. రమ్మని ఎవరూ పిలవలేదు, వెళ్ళిపోవడానికి కాళ్ళు రాలేదంతే. ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. మీట మీద వేలు వెయ్యబోయి ఆగిపోయారు. అవతలివైపునుంచి అప్పటికే వస్తున్నట్టుంది. పెన్సిలు తీసి గబగబా రాయడం మొదలుపెట్టారు. పెన్సిలు ఆగదు. అక్క వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

కాగితం మావైపు జరిపారు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి.

అక్కా ఉన్నావా. నిన్న సెలవన్నావు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోనని గంటసేపు కొట్టాను. ఇరవై రెండు రోజులూ నువ్వు వినపడుతూనే ఉన్నావు. రోజూ జవాబు చెప్పాను. ఒక్కటీ చేరలేదా?

బావ కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. నేను నా చేతిలో ఉన్న డబ్బా చూసుకున్నాను. బరువంటూ లేదు దానికి, అగ్గిపెట్టెలు నాలుగు కలిపితే ఎంతో అంత. ఓడల మనిషి, గొంతు లేనివాడు, దీవి మీద కూచుని పోవద్దని గంటసేపు అక్కను బతిమాలుకుంటే, ఆ మాటలన్నిటినీ ఇది మింగేసింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని చాలాసేపు మీట కొట్టారు. ఆపి విన్నారు. కొద్దిగా నవ్వారు.

"ఏమంటున్నారండీ?" అంది అక్క.

"టీవీ యాంటెన్నా దగ్గర ఏదో డబ్బా పాడై రొద పెట్టిందిరా, ఇప్పుడు తీసేశారు, కర్ర ఉంటుంది అని చెప్పాను. ఆ డబ్బా పెట్టిన మహానుభావుడు ఎవరని అడుగుతున్నాడు." నావైపు చూసి, "ఎవరో తెలీదని చెబుతాలెండి" అన్నారు.

ఆవిడ వేలు మీట మీదికి వెళ్ళింది.

"వద్దండీ" అన్నాను. "ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. నేనేనని చెప్పండి."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, మీటకేసి తిరిగి కొట్టారు. నా పేరుతో సహా.